కెఫీన్ ఒంట్లో ఎంతసేపు ఉంటుంది? మందుగా దాని మేలు, దాని ప్రమాదం

ఏడో నెలలోనే, కిలో బరువుతో పుట్టిన బిడ్డ ఎన్‌ఐసీయూలో, అంటే పసిబిడ్డల ఐసీయూలో ఉందనుకుందాం. మొత్తం ఒళ్లంతా కలిపి పెద్దవాళ్ల రెండు అరచేతుల్లో ఇమిడిపోయేంత. నిద్రలో ఉన్నట్టుండి ఊపిరి ఆగుతుంది. పది సెకన్లు, పదిహేను, ఇరవై. గుండె వేగం పడిపోతుంది, పెదాలు నీలమవుతాయి, మానిటర్ మోగుతుంది. సిస్టర్ పరుగున వచ్చి అరికాలిని వేలితో రుద్దగానే బిడ్డ మళ్లీ ఊపిరి అందుకుంటుంది. కాసేపటికి మళ్లీ ఇదే. డాక్టర్లు దీన్ని అప్నియా అంటారు. ఊపిరి తియ్యమని ఆజ్ఞ ఇచ్చే మెదడు భాగం ఇంకా పక్వానికి రాకపోవడం దీనికి ముఖ్య కారణం. 28 వారాల లోపే పుట్టిన పిల్లల్లో దాదాపు అందరికీ ఇది వస్తుంది.

దీనికి ఇచ్చే మందు సిరంజిలో నీళ్లలా తేటగా ఉంటుంది. పేరు కెఫీన్ సిట్రేట్, మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు. మొదటి డోసు బిడ్డ బరువులో కిలోకు 20 మిల్లీగ్రాములు కాబట్టి కిలో బిడ్డకు సరిగ్గా ఒక మిల్లీలీటరు. అరగంట పాటు నెమ్మదిగా నరంలోకి ఎక్కిస్తారు. మర్నాటి నుంచి రోజుకొకసారి పావు మిల్లీలీటరు చాలు, అవసరమైతే అర వరకు పెంచుతారు. సిట్రేట్ బరువులో సగమే అసలు కెఫీన్. అంటే మొదటి రోజు బిడ్డకు అందింది 10 మిల్లీగ్రాములు. (ఆర్డర్ షీట్‌లో సిట్రేట్ లెక్కా, కెఫీన్ లెక్కా అన్నది స్పష్టంగా రాయకపోతే డోసు రెట్టింపో సగమో అయిపోతుంది. ఈ ఒక్క మాట దగ్గర వార్డుల్లో ఎంత జాగ్రత్త పడినా తక్కువే.)

పది మిల్లీగ్రాములంటే మనకు ఒక గుక్క కాఫీ. కానీ కిలోల లెక్కన చూస్తే, 60 కిలోల మనిషి అరగంటలో 600 మిల్లీగ్రాములు, అంటే ఆరు కప్పుల ఫిల్టర్ కాఫీ తాగినట్టు. పెద్దవాళ్లయితే అంత డోసుకు చేతులు వణికి, గుండె దడదడలాడి, రాత్రంతా మేలుకుని ఉంటారు. ఆ బిడ్డ మాత్రం నిద్రపోతూనే ఉంటుంది, ఊపిరి మాత్రం ఆగదు.

ఈ తేడా ఎక్కడిదో తెలియాలంటే కెఫీన్ మెదడులో చేసే పనేమిటో చూడాలి. మనం మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటూ ఉంటుంది. అది వెళ్లి కణాల మీదున్న తన సీట్లలో కూర్చుంటే మెదడు వేగం తగ్గుతుంది, నిద్ర ముంచుకొస్తుంది. కెఫీన్ ఆకారం అడినోసిన్‌కు దగ్గరగా ఉంటుంది. రద్దీ బస్సు కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేసినట్టు, కెఫీన్ వెళ్లి ఆ సీట్లను ఆపేస్తుంది. కూర్చుని చేసేది ఏమీ లేదు, అడినోసిన్‌కు చోటు లేకుండా చేయడమే దాని పని. అడినోసిన్ మాత్రం ఎక్కడికీ పోదు, నిలబడి ఎదురు చూస్తూ ఉంటుంది. తువ్వాలు తీసెయ్యగానే ఒక్కసారిగా కూర్చుంటుంది. కాఫీ ప్రభావం దిగిపోగానే అంతవరకు లేని అలసట ఒళ్లంతా కమ్మేయడానికి కారణం ఇదే. కెఫీన్ శక్తినివ్వదు, అలసట కబురు మెదడుకు చేరకుండా ఆపుతుంది అంతే.

నెలలు నిండని బిడ్డలో ఇదే అడినోసిన్ ఊపిరి కేంద్రాన్ని కూడా అణచిపెడుతుంది. కెఫీన్ ఆ అణచివేతను తొలగిస్తుంది. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే వెంటనే ఊపిరి తీయాలన్న స్పందన పదునెక్కుతుంది, ఊపిరితిత్తుల కిందుండే డయాఫ్రం అనే కండరం బలంగా కదులుతుంది.

కాఫీ గింజల నుంచి కెఫీన్‌ను 1819లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త రూంగె వేరుచేశాడు. ఊపిరి ఆగే పిల్లలకు దాన్ని వాడటం మొదలైంది మాత్రం 1970ల్లో. అప్పటికి ఎక్కువగా వాడుతున్నవి కెఫీన్‌కు దగ్గరి బంధువులైన థియోఫిలిన్, అమైనోఫిలిన్. వాటితో ఇబ్బంది ఏమిటంటే పనిచేసే డోసుకూ హాని చేసే డోసుకూ మధ్య దూరం చాలా తక్కువ. గుండె వేగం పెరిగేది, మాటిమాటికీ రక్త పరీక్ష కావలసి వచ్చేది. కెఫీన్‌లో ఆ దూరం ఎక్కువ, పైగా రోజుకు ఒక్క డోసు చాలు. అయినా చాలా ఏళ్లు డాక్టర్లకు ఒక టెన్షన్ ఉండేది. ఆక్సిజన్ తక్కువైనప్పుడు మెదడు కణాలను కాపాడేది అడినోసినే. దాన్ని అడ్డుకుంటే ఈరోజు ఊపిరి నిలిచినా రేపు బిడ్డ ఎదుగుదల దెబ్బతింటుందేమో అన్న భయం.

ఆ భయం న్యాయమైనదే, అందుకే దాన్ని గట్టిగా పరీక్షించారు. కెనడా డాక్టర్ల నాయకత్వంలో పలు దేశాల్లో 500 నుంచి 1,250 గ్రాముల బరువుతో పుట్టిన 2,006 మంది పిల్లల్లో సగం మందికి కెఫీన్, సగం మందికి ఉత్త సెలైన్ ఇచ్చి చూశారు. ఫలితాలు 2006లో, 2007లో వచ్చాయి. దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు సెలైన్ పిల్లల్లో దాదాపు 47 శాతం మందికి వస్తే, కెఫీన్ పిల్లల్లో 36 శాతానికి తగ్గింది. ఊపిరి కోసం గొంతులోకి వేసిన గొట్టాన్ని వారం ముందే తీసేయగలిగారు. ఏడాదిన్నర దాటాక చూస్తే సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కాళ్లూ చేతులూ అదుపులో ఉండని జబ్బు) 7.3 శాతం నుంచి 4.4కు పడిపోయింది. చనిపోవడం లేదా వైకల్యం అన్న మొత్తం లెక్క 46 శాతం నుంచి 40కి వచ్చింది. మొదటి మూడు వారాల్లో బరువు పెరగడం కాస్త మందగించింది, తర్వాత ఆ తేడా పోయింది. పిల్లలకు ఐదేళ్లు వచ్చేసరికి మొత్తం వైకల్యంలో తేడా అంత స్పష్టంగా కనపడలేదు గానీ, పదకొండేళ్ల వయసులో కూడా కాళ్లూ చేతుల కదలికల ఇబ్బందులు కెఫీన్ పిల్లల్లో తక్కువగానే ఉన్నాయి. అడినోసిన్ గురించి పడ్డ భయం నిజం కాలేదు.

నవజాత శిశువుల వైద్యంలో ఇంత చవగ్గా, ఇంత మేలు చేసిన మందులు బహు కొద్ది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఇది ఉంది. 2020లో మన దేశంలో నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు సుమారు 30 లక్షలు, ప్రపంచంలో మరే దేశంలోనూ అంతమంది లేరు. కాబట్టి ఏ జిల్లా ఆస్పత్రి శిశు వార్డులోనూ ఈ చిన్న సీసాకు కొరత రాకూడదు. ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పాలి: ఇది చదివి ఇంట్లో పసిబిడ్డ నోట్లో కాఫీ చుక్కలు వేయడం ప్రాణం మీదికి తెస్తుంది. వార్డులో ఇచ్చేది మిల్లీలీటరులో పదో వంతు కూడా తేడా రాకుండా కొలిచి, మానిటర్ పెట్టి ఇచ్చే మందు.

రోజుకు ఒక్క డోసు ఎలా సరిపోతుంది? కెఫీన్ గురించి అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఈ ప్రశ్నలోనే ఉంది. ఒంట్లోకి వెళ్లిన మందులో సగం బయటికి పోవడానికి పట్టే కాలాన్ని అర్ధాయువు అంటారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో కెఫీన్ అర్ధాయువు సుమారు ఐదు గంటలు. అప్పుడే పుట్టిన బిడ్డలో సుమారు వంద గంటలు, అంటే నాలుగు రోజులు. కెఫీన్‌ను విరగ్గొట్టే లివర్ ఎంజైము పసిపిల్లల్లో ఇంకా పని మొదలుపెట్టదు, మందు చాలావరకు మూత్రంలో నెమ్మదిగా పోవలసిందే. అందుకే మందు ఆపిన తర్వాత కూడా బిడ్డను వెంటనే ఇంటికి పంపరు. దాదాపు వారం పాటు మానిటర్ మీద చూస్తారు. సిరంజి ఆపిన రోజున మందు ఆగినట్టు కాదు.

పెద్దవాళ్లకూ ఇదే లెక్క. ఎంత తాగారన్నది అందరూ లెక్కపెడతారు, ఎంతసేపు ఉంటుందన్నది ఎవరూ లెక్కపెట్టరు. సాయంత్రం నాలుగింటికి తాగిన కప్పులో 100 మిల్లీగ్రాములుంటే రాత్రి తొమ్మిదికి ఇంకా 50, తెల్లవారుజామున రెండింటికి 25 ఒంట్లో తిరుగుతూనే ఉంటాయి. "నాకు కాఫీ తాగినా నిద్ర పడుతుంది" అనేవాళ్లకు నిద్ర పట్టే మాట నిజమే, ఆ నిద్ర లోతు తగ్గే మాటా నిజమే. పడుకోవడానికి ఆరు గంటల ముందు తీసుకున్న 400 మిల్లీగ్రాముల కెఫీన్ కూడా గంటకు పైగా నిద్రను తినేసినట్టు ప్రయోగాల్లో తేలింది.

ఈ ఐదు గంటలు కూడా అందరికీ ఒకటి కాదు. గర్భిణికి నెలలు నిండే కొద్దీ అర్ధాయువు పెరిగి చివరి మూడు నెలల్లో పదిహేను గంటల దాకా పోతుంది. అంటే మునుపటి కప్పే తాగుతున్నా, నిన్నటిది దిగకముందే ఇవాళ్టిది పైన చేరుతుంది. కెఫీన్ మాయను (ప్లాసెంటాను) దాటి లోపలి బిడ్డకూ చేరుతుంది, ఆ బిడ్డకు దాన్ని విరగ్గొట్టే శక్తి లేదు. గర్భిణులు రోజుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పడానికి కారణం ఇదే. ఎక్కువ కెఫీన్‌కూ తక్కువ బరువుతో పుట్టే పిల్లలకూ సంబంధం ఉందని పదేపదే కనిపించింది. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లలో అర్ధాయువు దాదాపు రెట్టింపు అవుతుంది. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ కూడా కెఫీన్ బయటికి పోకుండా అడ్డుపడుతుంది. యూరిన్ ఇన్ఫెక్షన్‌కనో విరేచనాలకనో ఆ మాత్ర వేసుకుంటూ మామూలుగానే కాఫీ తాగే మనిషికి దడ, వణుకు వస్తే మాత్ర పడలేదని అనుకుంటారు. అసలు సంగతి ఒంట్లో కాఫీ పేరుకుపోవడం. ఫ్లూవోక్సమిన్ అనే మానసిక వైద్యం మందుతో ఇది మరీ ఎక్కువ.

సిగరెట్ దీనికి తలకిందులు. పొగతాగేవాళ్ల లివర్ కెఫీన్‌ను రెట్టింపు వేగంతో విరగ్గొడుతుంది, అందుకే వాళ్లకు ఎన్ని టీలు తాగినా చాలదు. అలాంటి మనిషి సిగరెట్ మానేస్తే కొద్ది రోజుల్లోనే లివర్ మామూలు వేగానికి వస్తుంది, టీలు మాత్రం తగ్గవు. రక్తంలో కెఫీన్ రెట్టింపవుతుంది. చిరాకు, నిద్ర లేకపోవడం, గుండె దడ. ఇదంతా సిగరెట్ మానినందువల్లేనని బెంబేలెత్తి మళ్లీ ముట్టించే వాళ్లుంటారు. సిగరెట్ మానుతున్న వారం టీ, కాఫీ కూడా సగానికి తగ్గించమని ఎవరైనా ముందే చెబితే ఎంత బాగుంటుంది.

ఇక తలనొప్పి. మెడికల్ షాపులో దొరికే చాలా తలనొప్పి, జలుబు మాత్రల అట్ట వెనక చిన్న అక్షరాలు చదివితే పారాసిటమాల్ పక్కన కెఫీన్ 30 అనో 50 మిల్లీగ్రాములనో ఉంటుంది. అది ఊరికే చేర్చింది కాదు. నొప్పి మాత్రతో పాటు 100 మిల్లీగ్రాములో అంతకన్నా ఎక్కువో కెఫీన్ ఉంటే, నూటికి అదనంగా ఐదు నుంచి పది మందికి బాగా ఉపశమనం కలుగుతుందని పరీక్షలన్నీ కలిపి చూస్తే తేలింది. చిన్న మేలే, కానీ నిజమైన మేలు. కెఫీన్ తలలోని రక్తనాళాలను కొద్దిగా బిగిస్తుంది, నొప్పి మాత్ర త్వరగా ఒంటికి పట్టడానికీ తోడ్పడుతుంది. పార్శ్వపు నొప్పికి ఎర్గోటమిన్ అనే మందుతో కలిపి ఇచ్చే పాత మాత్రల్లోనూ అందుకే ఉంది.

అదే కెఫీన్ తలనొప్పి తెచ్చిపెడుతుంది కూడా. రోజూ రెండు మూడు కప్పులు తాగే మనిషి హఠాత్తుగా ఆపేస్తే 12 నుంచి 24 గంటల్లో తల పట్టేస్తుంది. ఒకటి రెండు రోజులకు అది ముదిరి, వారం దాకా ఉండవచ్చు. శివరాత్రి ఉపవాసం నాడు సాయంత్రానికి కణతలు పగిలిపోతున్నాయంటే ఆకలి వల్ల అనుకుంటాం. రంజాన్ మొదటి రోజుల్లో వచ్చే తలనొప్పీ అంతే. ఆకలి, నీళ్లు తాగకపోవడం వాటి పాలు వాటికున్నా, పొద్దున పడాల్సిన కాఫీయో చాయో పడకపోవడం పెద్ద కారణం. ఆపరేషన్ ముందు రాత్రి నుంచి ఏమీ తాగకుండా ఉన్న మనిషికి ఆపరేషన్ తర్వాత వచ్చే తలనొప్పిలోనూ దీని వాటా ఉంటుంది.

ప్రమాదం ఎక్కడంటే, కెఫీన్ కలిసిన మాత్రను నెలలో పది రోజులకు మించి, నెలల తరబడి వేసుకునేవాళ్ల దగ్గర. పొద్దున లేవగానే తలనొప్పి, మాత్ర వేసుకుంటే గంటలో హాయి, మర్నాడు మళ్లీ అదే. మాత్రే తలనొప్పిని తెస్తోందని తెలియక మోతాదు పెంచుకుంటూ పోతారు. పారాసిటమాల్ వల్ల లివర్‌కు వచ్చే ముప్పు దీనికి అదనం. ఇలాంటి వాళ్లకు కావాల్సింది ఇంకో కొత్త మాత్ర కాదు, వేసుకుంటున్న మాత్రను డాక్టర్ పర్యవేక్షణలో ఆపడం.

సిజేరియన్‌కు వెన్నులో మత్తు ఇచ్చాక కొందరు బాలింతలకు లేచి కూర్చుంటే విపరీతమైన తలనొప్పి, పడుకుంటే తగ్గిపోవడం ఉంటుంది. సూది పడిన చోట నుంచి వెన్ను నీరు కారడం వల్ల వచ్చే నొప్పి ఇది. దీనికి కాఫీ తాగమని చెప్పడం వార్డుల్లో పాత అలవాటు. అది మూఢనమ్మకం కాదు, కెఫీన్ కొన్ని గంటల ఊరట ఇస్తుంది. కానీ కారుతున్న రంధ్రాన్ని పూడ్చదు. నొప్పి తీవ్రంగా ఉంటే రోగి రక్తాన్నే కొంచెం తీసి వెన్ను దగ్గర ఎక్కించే చికిత్స ఉంది.

ఆస్తమాలో కెఫీన్ శ్వాసనాళాలను కొద్దిగా, ఓ నాలుగు గంటల పాటు తెరుస్తుంది. ఇన్‌హేలర్ స్థానంలో వాడేంత బలం దానికి లేదు. ఊపిరితిత్తుల పరీక్షకు వెళ్లే ముందు కాఫీ తాగొద్దనేది ఫలితం తప్పుగా మెరుగ్గా కనపడకుండా ఉండటానికే. అడినోసిన్ ఎక్కించి చేసే గుండె స్ట్రెస్ టెస్టుకు ముందు కూడా 12 నుంచి 24 గంటలు కాఫీ, టీ మానాలి. మనం ముందే సీట్ల మీద తువ్వాళ్లు వేసి వెళితే ఆ మందు పనిచేయదు, పరీక్ష వృథా.

ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజుకు 400, ఒక్కసారికి 200 మిల్లీగ్రాములు ఇబ్బంది పెట్టవని యూరప్ లెక్క. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు రోజుకు 300 దగ్గరే ఆగమంటాయి. వాటి ప్రకారం 150 మిల్లీలీటర్ల ఫిల్టర్ కాఫీలో 80 నుంచి 120, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాములు ఉంటాయి. ఈ అంకెలు అంత విశాలంగా ఉండటానికి కారణం గింజలోనే ఉంది. అరకులో పండే అరబికాలో కన్నా రోబస్టా గింజలో కెఫీన్ దాదాపు రెట్టింపు, డికాక్షన్‌లో కలిపే చికోరీలో అసలు లేదు. అందుకే రెండు ఇళ్లలో ఒకే కొలత గ్లాసుతో తాగినా డోసు ఒకటి కాదు.

హద్దు దాటితే ఏమవుతుందో చెప్పడానికి ఇంగ్లండ్‌లోని నార్తంబ్రియా విశ్వవిద్యాలయంలో 2015లో జరిగింది చాలు. వ్యాయామం మీద కెఫీన్ ప్రభావం చూసే ప్రయోగంలో ఇద్దరు విద్యార్థులకు 0.3 గ్రాములు ఇవ్వాలి. ఫోన్‌లో లెక్క వేస్తున్నప్పుడు దశాంశ బిందువు తప్పు చోట పడింది. ఇచ్చింది 30 గ్రాములు. పది గ్రాములే ప్రాణం తీయగలవు. ఇద్దరినీ ఐసీయూలో పెట్టి డయాలసిస్ చేసి బతికించారు. 2017లో కోర్టు విశ్వవిద్యాలయానికి నాలుగు లక్షల పౌండ్ల జరిమానా వేసింది. కప్పుల్లో తాగి 30 గ్రాములకు చేరడం అసాధ్యం, కడుపే తిప్పికొడుతుంది. పొడి రూపంలోకి రాగానే ఆ కాపలా పోతుంది. ఒక టీస్పూను కెఫీన్ పొడి సుమారు 28 కప్పుల కాఫీతో సమానమని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. జిమ్ కోసమని విడిగా కెఫీన్ పొడి తెప్పించుకుని చెంచాతో కొలవడం ఎవరూ చేయకూడని పని. విషమెక్కినప్పుడు ఆగని వాంతులు, వణుకు, గుండె లయ తప్పడం, ఫిట్స్ కనిపిస్తాయి. దీనికి విరుగుడు మందంటూ లేదు, ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి చేర్చడమే మార్గం.

ఎనర్జీ డ్రింకుల్లో మన దేశంలో లీటరుకు 145 నుంచి 300 మిల్లీగ్రాముల వరకే అనుమతి. పిల్లలకు, గర్భిణులకు తగదని డబ్బా మీద రాయాలి. 250 మిల్లీలీటర్ల డబ్బాలో గరిష్ఠంగా 75 మిల్లీగ్రాములు, పెద్దవాళ్లకు ఒక కాఫీ పాటి. కానీ పిల్లలకు కిలోకు 3 మిల్లీగ్రాములు హద్దు అనుకుంటే 30 కిలోల పిల్లాడికి ఒక్క డబ్బాతోనే ఆ హద్దు దగ్గరపడుతుంది. కాఫీ వేడిగా ఉంటుంది, నెమ్మదిగా తాగుతాం. చల్లటి తీపి డబ్బా రెండు నిమిషాల్లో ఖాళీ. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) ముందు రాత్రుళ్లు వీటితో మేలుకునే పిల్లలు పోగొట్టుకునేది చదివింది తలలో నిలబెట్టే ఆ నిద్రనే. మద్యంలో కలిపి తాగితే మత్తు తెలియదు గానీ మద్యం చేసే హాని చేస్తూనే ఉంటుంది.

కెఫీన్ ఖాతాలో పడే నిందలు కొన్ని దానివి కావు. భోజనం చేయగానే టీ తాగితే ఐరన్ ఒంటికి పట్టకపోవడం టీలో ఉండే టానిన్లు అనే వగరు పదార్థాల వల్ల. మన రెండు రాష్ట్రాల్లో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉన్నప్పుడు, ఐరన్ మాత్రను టీతో మింగడం చూస్తే బాధేస్తుంది. భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీ వద్దని పోషకాహార సంస్థ చెప్పింది. థైరాయిడ్ మాత్ర మీద వెంటనే కాఫీ పడినా మాత్ర సరిగా ఒంటికి పట్టదు, కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి.

గుండె మాటేమిటి? అమెరికాలో వంద మందికి గుండె లయ రికార్డు చేసే పరికరం అంటించి, కొన్ని రోజులు కాఫీ తాగించి, కొన్ని రోజులు మాన్పించి చూశారు. 2023లో వచ్చిన ఆ ఫలితాల్లో గుండె పై గదుల్లో అదనపు కొట్టుకోవడం పెద్దగా పెరగలేదు, కింది గదుల్లో కొంత పెరిగింది. కాఫీ రోజుల్లో వాళ్లు వెయ్యి అడుగులు ఎక్కువ నడిచారు, అరగంటకు పైగా తక్కువ నిద్రపోయారు. మామూలు గుండెకు మితమైన కాఫీ శత్రువు కాదు. ఇప్పటికే లయ తప్పే జబ్బున్నవాళ్లు, ప్యానిక్ అటాక్స్ వచ్చేవాళ్లు తమ డాక్టర్‌తో మాట్లాడి తేల్చుకోవాలి.

తగ్గించాలనుకున్నవాళ్లు ఒక్కరోజులో మానకూడదు. రోజుకు నాలుగు తాగేవాళ్లు ముందు సాయంత్రం కప్పు తీసేసి మూడు నాలుగు రోజులు ఆగాలి, తర్వాత మధ్యాహ్నానిది. చివరి రెండింటిలో డికాక్షన్ తగ్గించి పాలు పెంచుకుంటూ పోతే సుమారు రెండు వారాల్లో తలనొప్పి పెద్దగా లేకుండా దిగిరావచ్చు. ఆపరేషన్ తేదీ ఖాయమైనవాళ్లు, మాఘమాసం చివర్లో వచ్చే శివరాత్రికి ఉపవాసం ఉండేవాళ్లు ఆ రెండు వారాలు ముందే మొదలుపెట్టుకోవచ్చు.